సైకిలుకు నంబరెందుకు లేదు?

ఈసారి రోడ్డు మీదికి వెళ్ళినప్పుడు వాహనాల వెనక భాగం గమనించండి. లారీకి నంబరుంది. కారుకుంది. ఆటోకుంది. స్కూటరుకుంది. మీరు బడికి తొక్కుకుంటూ వెళ్ళే సైకిలుకు మాత్రం లేదు. ఒక్క నంబరే కాదు. స్కూటరు నడిపేవారికి రిజిస్ట్రేషను కాగితం ఉండాలి, బీమా కాగితం ఉండాలి. లేకపోతే జరిమానా. సైకిలు తొక్కేవారిని ఆ కాగితాలు ఎవరూ అడగరు.

"ఇదేం న్యాయం? రోడ్డు అందరిదీ అయినప్పుడు రూలు కూడా అందరికీ ఒకటే ఉండాలి కదా! సైకిలు గుద్దితే దెబ్బ తగలదా? గుద్ది వెళ్ళిపోతే ఎవర్ని పట్టుకోవాలి? ఆస్పత్రి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?" అని కొందరు అడుగుతారు.

"ఊరుకోండి! పదిహేను కిలోల సైకిలుకు బీమా ఏమిటి? రేపు కాలి చెప్పులకు కూడా నంబరు వెయ్యమంటారు" అని మరికొందరు నవ్వేస్తారు.

ఎవరి మాట నిజం? ఈ తగవు తీర్చడానికి గొంతులు పెంచనక్కరలేదు. కాస్త భౌతికశాస్త్రం, కాస్త లెక్కలు చాలు. రెండూ మీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే.

రెండు కాగితాలు, రెండు ప్రశ్నలు

రిజిస్ట్రేషనూ బీమా ఒకటే అనుకునేవారు చాలామంది ఉన్నారు. కానే కాదు. రెండూ రెండు వేరువేరు ప్రశ్నలకు జవాబులు.

"ఈ బండి ఎవరిది?" అన్న ప్రశ్నకు జవాబు రిజిస్ట్రేషను. ప్రభుత్వం దగ్గర ఒక పెద్ద పట్టిక ఉంటుంది. నంబరు చెబితే యజమాని పేరు దొరుకుతుంది.

"జరిగిన నష్టానికి డబ్బు ఎవరిస్తారు?" అన్న ప్రశ్నకు జవాబు బీమా. చట్టం తప్పనిసరి చేసిన బీమా బండి కోసం కాదు, బండి యజమాని కోసమూ కాదు. ఆ బండి వల్ల దెబ్బతిన్న మూడో మనిషి కోసం. ఎందుకంటారా? ఒక పేద డ్రైవరు ఒకరి కాలు విరగ్గొట్టాడనుకోండి. కోర్టు లక్ష రూపాయలు ఇమ్మంటుంది. అతని దగ్గర వెయ్యి కూడా లేదు. తీర్పు కాగితం మీద ఉండిపోతుంది, కాలు విరిగినవాడు మంచం మీద ఉండిపోతాడు. ఈ చిక్కు పోగొట్టడానికే బ్రిటన్‌లో 1930లో మోటారు వాహనాలకు బీమా తప్పనిసరి చేశారు. మన దేశంలో 1939 మోటారు వాహనాల చట్టంలో ఆ నియమం చేర్చి, 1946 నుంచి అమలులో పెట్టారు. దాని స్థానంలో 1988 చట్టం వచ్చినా ఈ నియమం మాత్రం పోలేదు.

అయితే ఆ చట్టం యంత్రశక్తితో నడిచే బండ్లకు మాత్రమే వర్తిస్తుంది. కాళ్ళతో తొక్కే సైకిలు దాని పరిధిలోకి రాదు. ఈ తేడాకు శాస్త్రీయమైన కారణం ఏమైనా ఉందా? చూద్దాం.

దెబ్బలో ఎంత శక్తి?

కదిలే ప్రతి వస్తువుకూ గతిజశక్తి ఉంటుందని మీకు తెలుసు. దాన్ని కనుక్కునే పద్ధతి కూడా తెలుసు. వేగాన్ని వర్గం చేసి, ద్రవ్యరాశితో గుణించి, వచ్చినదాన్ని సగం చెయ్యాలి. ద్రవ్యరాశి కిలోగ్రాముల్లోనూ, వేగం సెకనుకు ఇన్ని మీటర్లనీ తీసుకుంటే జవాబు జౌళ్ళలో వస్తుంది.

ముందు మీ సైకిలుతో మొదలుపెడదాం. సైకిలు 15 కిలోలు, మీరు 45 కిలోలు. మొత్తం 60. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వెళుతున్నారనుకోండి. అంటే సెకనుకు 5 మీటర్లు. 5 వర్గం 25. అరవై ఇరవై అయిదులు 1500. అందులో సగం 750 జౌళ్ళు.

ఇప్పుడు మోటారు సైకిలు. మనిషితో కలిపి 200 కిలోలు. వేగం గంటకు 54 కిలోమీటర్లు, అంటే సెకనుకు 15 మీటర్లు. లెక్క కడితే 22,500 జౌళ్ళు. మీ సైకిలుకు 30 రెట్లు!

ఒక చిన్న కారు 1000 కిలోలు. గంటకు 72 కిలోమీటర్లు, అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో వెళితే 2 లక్షల జౌళ్ళు. మీ సైకిలుకు సుమారు 267 రెట్లు.

సరుకుతో నిండిన 16 టన్నుల లారీ మోటారు సైకిలు వేగంతోనే వెళుతున్నా దానిలో 18 లక్షల జౌళ్ళు ఉంటాయి. మీ సైకిలుకు 2400 రెట్లు!

చూశారా! మోటారు సైకిలు బరువు మీ సైకిలుకు మూడు రెట్ల పైచిలుకు మాత్రమే. వేగమూ మూడు రెట్లే. అయినా శక్తి 30 రెట్లయింది. వేగాన్ని వర్గం చెయ్యడమే దీనికి కారణం. వేగం రెట్టింపయితే శక్తి నాలుగింతలు, మూడు రెట్లయితే తొమ్మిదింతలు అవుతుంది.

ఆగాలంటే ఆ శక్తి అంతా ఎక్కడికో పోవాలి. బ్రేకులు దాన్ని వేడిగా మారుస్తాయి. బ్రేకులు వెయ్యడానికి వ్యవధి లేకపోతే అది ఎదుటి మనిషి ఎముకల మీదికి పోతుంది. కాబట్టి మోటారు బండిని, సైకిలును చట్టం వేరువేరుగా చూడడం సైకిలు మీద జాలితో కాదు. ఆ తేడా జౌళ్ళలోనే ఉంది.

మరి సైకిలు వల్ల ప్రమాదమే లేదా?

ఇక్కడితో ఆగిపోతే సైకిలు పక్షం గెలిచినట్టే. కాని జపాన్‌లో జరిగిన ఒక సంగతి వినండి.

2008 సెప్టెంబరులో కోబె నగరంలో 11 ఏళ్ళ కుర్రాడొకడు సాయంత్రం వేళ సైకిలు మీద పల్లానికి దిగుతున్నాడు. వేగం గంటకు 20, 30 కిలోమీటర్ల మధ్య ఉంది. ఎదురుగా నడిచి వస్తున్న 62 ఏళ్ళ మహిళను గుద్దాడు. ఆమె తలకు పెద్ద దెబ్బ తగిలి స్పృహ పోయింది. ఏళ్ళు గడిచినా ఆమె కోలుకోలేదు. కేసు కోర్టుకు వెళ్ళింది. పిల్లవాడికి సరైన జాగ్రత్తలు నేర్పలేదన్న కారణంతో అతని తల్లి సుమారు 9 కోట్ల 50 లక్షల యెన్‌ల నష్టపరిహారం చెల్లించాలని 2013 జూలైలో కోబె జిల్లా కోర్టు తీర్పు చెప్పింది. అప్పటి మారకం లెక్కన అది మన డబ్బులో 5 కోట్ల రూపాయలకు పైమాటే!

ఒక సైకిలు ఇంత పని ఎలా చేసింది? శక్తి తక్కువని ఇప్పుడే కదా లెక్క కట్టాం?

జాగ్రత్తగా ఆలోచించండి. సైకిలు గుద్దినప్పుడు చాలాసార్లు పెద్ద గాయం చేసేది సైకిలు కాదు, రోడ్డు. నిలబడ్డ మనిషి తల నేలకు సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తు నుంచి పడిన వస్తువు నేలను తాకే సమయానికి దాని వేగం గంటకు 19 కిలోమీటర్లు దాటుతుంది. గట్టి సిమెంటు రోడ్డుకు ఆ వేగంతో తల తగిలితే ఏమవుతుందో వేరే చెప్పాలా? సైకిలు చేసింది మనిషిని పడెయ్యడం ఒక్కటే. మిగతా పని భూమ్యాకర్షణ చేసింది. మనిషిని పడెయ్యడానికి లక్షల జౌళ్ళు అక్కరలేదు. వృద్ధుల విషయంలో మరీ తక్కువ చాలు.

అంటే రెండు మాటలూ నిజమే. సైకిలు వల్ల పెద్ద ప్రమాదం జరగడం అరుదు. కాని జరిగిందంటే, ఆ నష్టం ఒక కుటుంబం మోయలేనంత పెద్దది కావచ్చు.

అరుదైన పెద్ద నష్టం

అరుదుగా వచ్చేదీ, వస్తే మోయలేనిదీ అయిన నష్టానికి మనుషులు కనిపెట్టిన ఉపాయమే బీమా. అదెలా పనిచేస్తుందో ఒక లెక్కతో చూద్దాం. ఈ అంకెలు లెక్క కోసం ఊహించినవే సుమా!

ఒక ఊళ్ళో 10,000 మంది సైకిలు తొక్కేవారున్నారు. ఏడాదికి సగటున ఒక పెద్ద ప్రమాదం జరుగుతుంది. దానికి లక్ష రూపాయల నష్టం. ఎవరి చేతుల మీదుగా జరుగుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. కాని పదివేల మందిలో ఏడాదికి సుమారు ఒకటి జరుగుతుందని మాత్రం చెప్పగలం. నాణెం ఒక్కసారి ఎగరేస్తే బొమ్మ పడుతుందో బొరుసు పడుతుందో తెలియదు. వెయ్యిసార్లు ఎగరేస్తే సుమారు సగం బొమ్మలు పడతాయని తెలుసు. ఇదీ అంతే.

కాబట్టి తలా 10 రూపాయలు వేసుకుంటే లక్ష పోగవుతుంది. ఒకరి కొంప మునిగే నష్టం పదివేల మందికి తలా పది రూపాయలయింది. దెబ్బతిన్నవారికీ డబ్బు అందుతుంది. బాగానే ఉంది కదూ!

నంబరు పలక ఖరీదు

ఇక రెండో కాగితం సంగతి. ఆ పదివేల సైకిళ్ళకూ నంబర్లు వెయ్యాలనుకోండి. పలకలు చెయ్యాలి. పట్టిక రాయాలి. సైకిలు అమ్మినప్పుడల్లా పేరు మార్చాలి. అన్న తొక్కిన సైకిలు తమ్ముడికి వస్తే మళ్ళీ మార్చాలి. దీనికి ఇద్దరు గుమాస్తాలను పెట్టి నెలకు తలా 20,000 జీతం ఇచ్చారనుకుందాం. ఏడాదికి 4,80,000 రూపాయలు. సైకిలుకు 48 రూపాయలు పడింది. పది రూపాయల ప్రమాదానికి నలభై ఎనిమిది రూపాయల కాగితం!

కారు విషయంలో ఇదే ఖర్చు గిట్టుబాటవుతుంది. కారు చేయగల నష్టం ఎన్నో రెట్లు ఎక్కువ, కారు ఖరీదూ ఎక్కువ. సైకిలు దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది.

ఇది ఊహ మాత్రమే కాదు. కెనడాలోని టొరాంటో నగరం 1935లో సైకిళ్ళకు లైసెన్సు పెట్టి, 1957లో ఎత్తేసింది. చిన్న పిల్లలు తమకు తెలియకుండానే చట్టాన్ని అతిక్రమించినవాళ్ళు అవుతున్నారనీ, పిల్లలకూ పోలీసులకూ మధ్య సంబంధాలు చెడుతున్నాయనీ అప్పట్లో కారణం చెప్పారు. ఆ తర్వాత 1984, 1992, 1996లలో మళ్ళీ ఆలోచించి, మళ్ళీ వద్దనుకున్నారు.

స్విట్జర్లాండ్ మరో దారి తొక్కింది. అక్కడ ప్రతి సైకిలుకూ ఏటా ఒక చీటీ కొని అతికించాలి. ఆ చీటీయే బీమా. ఎన్నో ఏళ్ళు ఇలా సాగింది. కాని అక్కడ చాలా కుటుంబాలకు తాము ఇతరులకు చేసే నష్టానికి వర్తించే బీమా విడిగా ఉండనే ఉంది. ఒకే పనికి రెండు బీమాలెందుకని 2012లో సైకిలు చీటీని రద్దు చేశారు. గమనించండి, పోయింది చీటీ మాత్రమే. దెబ్బతిన్నవారికి పరిహారం ఇచ్చే ఏర్పాటు అలాగే ఉంది.

అమెరికాలోని హవాయి రాష్ట్రంలో మాత్రం 20 అంగుళాలూ అంతకు మించిన చక్రాలున్న సైకిళ్ళను నమోదు చేయించాలి.

జపాన్‌లో 1994 నుంచి సైకిలు నమోదు తప్పనిసరి. కాని దాని ఉద్దేశం ప్రమాదాలు కాదు, దొంగతనాలు. పోయిన సైకిలు దొరికితే యజమానికి చేర్చడం కోసం. కొన్న దుకాణంలోనే చీటీ అతికిస్తారు. ఇక బీమాకు వస్తే, ఇందాకటి తీర్పు తర్వాత, కోబె ఉన్న హ్యోగో రాష్ట్రం 2015లో సైకిలు బీమాను తప్పనిసరి చేసింది. తరవాత చాలా చోట్ల అదే దారి పట్టారు. టోక్యోలో 2020లో వచ్చింది. అక్కడ మరో చక్కని ఏర్పాటు ఉంది. అర్హత పొందిన మెకానిక్కు మీ సైకిలును పరీక్షించి, బ్రేకులూ గట్రా సరిచేసి, ఒక గుర్తు అతికిస్తాడు. ఆ గుర్తుతోపాటు ఏడాది బీమా వస్తుంది. ప్రమాదం జరిగాక డబ్బివ్వడం, ప్రమాదం జరగకుండా బ్రేకులు బిగించడం, రెండూ ఒకే గుర్తులో!

మన సంగతేమిటి?

మన దేశంలో కూడా ఒకప్పుడు చాలా ఊళ్ళలో సైకిలుకు లైసెన్సు ఉండేది. మీ తాతగారిని అడిగి చూడండి. పురపాలక సంఘానికో పంచాయతీకో ఏటా డబ్బు కట్టి, రేకు బిళ్ళ తెచ్చి సైకిలుకు తగిలించుకునేవారు. బిళ్ళ లేకపోతే బంట్రోతు ఆపేవాడు. అయితే ఆ బిళ్ళ పన్ను కట్టినట్టు గుర్తు మాత్రమే. దెబ్బతిన్నవారికి దాని వల్ల పైసా వచ్చేది కాదు.

ఇప్పుడు మళ్ళీ అలాంటిది పెడితే ఎవరి మీద పడుతుంది? మన దగ్గర సైకిలు తొక్కేది ఎక్కువగా ఎవరో ఆలోచించండి. పాలు పోసేవారు, పేపరు వేసేవారు, పనికి వెళ్ళే కూలీలు, మీవంటి విద్యార్థులు. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బిచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు దాని ఫలితాన్ని కొలిచి 2017లో ప్రచురించారు. హైస్కూల్లో ఆడపిల్లల నమోదు 32 శాతం పెరిగిందని తేలింది. ఒక్క సైకిలు బడిని ఇంటికి అంత దగ్గర చేసింది! ఆ సైకిలుకు ఏటా ఒక కాగితం, ఒక రుసుము, ఆఫీసు చుట్టూ రెండు ప్రయాణాలు తగిలిస్తే, ఆ పిల్లల్లో కొందరైనా మళ్ళీ ఇంట్లో ఉండిపోరా?

ఇంకో సంగతి. 2022లో మన రోడ్ల మీద 1,68,000 మందికి పైగా చనిపోయారు. అందులో సైకిలు తొక్కేవారు 4,000కు పైగా ఉన్నారు. ఇందాకటి జౌళ్ళ లెక్క గుర్తు తెచ్చుకోండి. 750 జౌళ్ళు, 18 లక్షల జౌళ్ళు ఎదురుపడితే నష్టపోయేది ఎవరు? సైకిలు తొక్కేవారికి పరిహారం రావాలంటే ముందు కావలసింది లారీ బీమా సరిగా ఉండడం, గుద్ది పారిపోయిన కారు నంబరు దొరకడం.

అలాగని సైకిలు తొక్కేవారికి బాధ్యత లేదనుకోకండి. నంబరు లేకపోయినా చట్టం ఉంది. బాట మీద ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా బండి నడపడం నేరం. భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షను ఇదే చెబుతుంది. అది సైకిలుకూ వర్తిస్తుంది. దెబ్బతిన్నవారు పరిహారం కోరి కోర్టుకు వెళ్ళనూ వచ్చు.

గీత ఎక్కడ గియ్యాలి?

ఇప్పుడు బ్యాటరీ సైకిళ్ళు వచ్చాయి. చూడడానికి సైకిలే, లోపల మోటారుంది. దీన్ని ఏ గాట కట్టాలి? మన నియమాలు ఒక గీత గీశాయి. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాక బరువు 60 కిలోల లోపు ఉంటే అది మోటారు వాహనం కాదు. రిజిస్ట్రేషను, బీమా అక్కరలేదు. గీత దాటితే రెండూ కావాలి.

ఈ గీత మన లెక్కకు సరిపోయింది, చూశారా! బరువు, వేగం. గతిజశక్తిలో ఉండేవి ఆ రెండే. కొందరు బ్యాటరీ బండికి వేగం కట్టడి తీసేసి గంటకు 50 కిలోమీటర్లు నడుపుతారు. వేగం రెట్టింపు, శక్తి నాలుగింతలు. అప్పుడది పేరుకు సైకిలేగాని పనికి మోటారు బండే. దానికి కాగితాలు అడగడం న్యాయమే.

ఇంతకీ తగవు తీరిందా? రిజిస్ట్రేషను విషయంలో, కాలితో తొక్కే సైకిలుకు అది ఖర్చే కాని లాభం కాదని లెక్క చెబుతోంది. బీమా విషయంలో మాత్రం అవతలివారి మాటలో నిజముంది. దెబ్బతిన్న ముసలమ్మకు తనను గుద్దినది లారీయా, సైకిలా అన్నది ముఖ్యం కాదు. ఆస్పత్రి బిల్లు ఒకటే. కాబట్టి పరిహారం ఏర్పాటు ఉండాలి. అయితే సైకిలుకొక కాగితం చొప్పున కాకుండా, ఒక బడి మొత్తానికో, ఒక కుటుంబం మొత్తానికో కలిపి ఉంటే చాలు. పదివేల కాగితాల ఖర్చు ఒక కాగితంతో పోతుంది. దీని మీద మీ తరగతిలో చర్చ పెట్టండి. రెండు పక్షాలవారూ లెక్కలతో రావాలని ముందే చెప్పండి.

ఈలోగా మీరు చెయ్యగలిగిన పనులు రెండున్నాయి. సైకిలును తలకిందులుగా నిలబెట్టి, పెడళ్ళ ఇరుసు దూరే గొట్టం కింద చూడండి. చాలా సైకిళ్ళకు అక్కడ కొన్ని అంకెలు చెక్కి ఉంటాయి. అదే తయారీవారు వేసిన నంబరు. దాన్ని నోటుపుస్తకంలో రాసుకోండి. సైకిలు పోతే పోలీసులకు అదే ఆనవాలు.

ఇక రెండోది. ఖాళీ మైదానంలో సుద్దముక్కతో ఒక గీత గీసి, మామూలు వేగంతో వచ్చి, గీత దగ్గర రెండు బ్రేకులూ వెయ్యండి. ఎన్ని మీటర్లు వెళ్ళి ఆగారో కొలవండి. మరునాడు బ్రేకు కట్టలు సరిచేయించి, అదే వేగంతో వచ్చి మళ్ళీ కొలవండి. ఆ రెండు కొలతలకూ మధ్య ఉన్న తేడా ఏదో ఒకనాడు రోడ్డు దాటుతున్న ఒక మనిషిని కాపాడవచ్చు.